జవాబు ముందు రాయండి, ప్రశ్న దానంతటదే కుదురుతుంది

ప్రశ్న: మాది చంద్రగిరి. తిరుపతిలో బీకాం ఆఖరి ఏడాది. ఒక హోటల్‌లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, ఎదుటివాళ్లను అతిథులనుకుని మాట్లాడమన్నారు. ‘వెన్ డిడ్ యూ బుక్డ్?’, ‘ఫ్రమ్ విచ్ ప్లేస్ యూ ఆర్ కమింగ్?’ అన్నాను. ప్రశ్నలు అడగడం నేర్చుకుని రమ్మన్నారు. గ్రామర్ అంతా మొదటి నుంచీ చదవాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. మీరు తెలుగులో ఆలోచించి అడిగారు, అంతే.

‘బుక్ చేశారు’, ‘ఎప్పుడు బుక్ చేశారు?’ రెండింట్లోనూ మన క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లో ‘డిడ్’ వచ్చిందంటే జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది. క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది: ‘వెన్ డిడ్ యూ బుక్?’ పని చేసిన మనిషి ఎవరని అడిగినప్పుడు మాత్రం డిడ్ రాదు: ‘హూ బుక్డ్ ద రూమ్?’

రెండో ప్రశ్నలో అసలు తప్పు ‘యూ ఆర్’. అది ‘ఆర్ యూ’ కావాలి. ఫ్రమ్ ముందు రావడం తప్పు కాదు గానీ, కౌంటర్ దగ్గర బిగుసుకున్నట్టు వినిపిస్తుంది. ‘ఎక్కడి నుంచి’లో మన ‘నుంచి’ ప్రశ్నపదాన్ని వదలదు. ఇంగ్లిష్‌లో వదులుతుంది. అతిథి జవాబు ఊహించుకోండి: ‘ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ సేలం’. సేలం తీసేసినా ఫ్రమ్ తన చోటే ఉంటుంది: ‘వేర్ ఆర్ యూ కమింగ్ ఫ్రమ్?’ ‘ఐ స్టేడ్ ఇన్ దట్ హోటల్’ అన్నదాన్ని అడిగితే ‘విచ్ హోటల్ డిడ్ యూ స్టే ఇన్?’ అవుతుంది. అదే ‘ఐ స్టేడ్ దేర్’లో ఇన్ లేదు, కాబట్టి ‘వేర్ డిడ్ యూ స్టే?’ చాలు. ఈ ఒక్క కిటుకు పట్టుబడితే సగం భయం పోతుంది.

వాక్యం చివర ప్రిపోజిషన్, అంటే ఫ్రమ్, ఇన్, విత్ లాంటి మాట, రాకూడదని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లిష్ కవి, నాటక రచయిత బెన్ జాన్సన్ రాసిన వాక్యాన్ని అలాగే తప్పుపట్టాడు. ఇంగ్లిష్ వాళ్లు మాత్రం అంతకు ముందూ ఆ తర్వాతా అలాగే మాట్లాడుతున్నారు. మీరూ నిస్సంకోచంగా మాట్లాడండి.

లావు పుస్తకాలు కొనకండి. రైల్వే స్టేషన్ ఎదురుగా యాత్రికులు బస చేసే విష్ణు నివాసం దగ్గర కాసేపు నిలబడి, యాత్రికులు ఏమేం చెప్పుకుంటున్నారో వినండి: ఏ రైలుకి వచ్చారు, ఎవరితో వచ్చారు, దర్శనం ఎన్నింటికి. రాత్రి ఆ జవాబులను ఇంగ్లిష్‌లో రాసుకుని, ఒక్కో దాన్నీ ప్రశ్నగా మార్చి గట్టిగా పలకండి. ‘హూ డిడ్ యూ కమ్ విత్?’ నోట్లో తడబడకుండా వచ్చిన రోజున అదే హోటల్‌కి ఫోన్ చేయండి. నేర్చుకుని రమ్మన్నారంటే తలుపు తెరిచే ఉంచారు.