కొత్త యాంటీబాడీ వచ్చిందన్నావుగా, ముందు ఇది చదువు

అమ్మాయ్,

గ్లూఎన్2బిని (న్యూరాన్ల మీద గ్లుటమేట్‌ని పట్టే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌లో ఒక భాగం) పట్టే యాంటీబాడీ ఎట్టకేలకు వచ్చింది, రేపే వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో వెతకడం) పెట్టేస్తానని రాశావు. ఒక్క రోజు ఆగు. ఆ బుల్లి ట్యూబు మీ సార్ గ్రాంటులో ఎంత మింగిందో, మళ్లీ తెప్పించాలంటే ఎన్ని వారాలు పడుతుందో నీకే బాగా తెలుసు. ముందు దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో ఓసారి తిప్పు, మూతకు అంటుకున్న చుక్క కూడా డబ్బే. తర్వాత 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి దాచుకో. అస్తమానూ కరిగించి మళ్లీ గడ్డకట్టించావంటే నెలకల్లా అది పనికిరాకుండా పోతుంది.

డేటాషీట్‌లో అందరూ డైల్యూషన్ చూస్తారు, నువ్వు మాత్రం దాన్ని ప్రోటీన్‌లో ఏ ముక్క మీద తయారుచేశారో చూడు. గ్లూఎన్2బి తల కణం బయట ఉంటుంది, తోక లోపల. తోకను పట్టే యాంటీబాడీతో బతికున్న న్యూరాన్ ఉపరితలం మీద రిసెప్టర్‌ని చూడాలంటే కుదరదు. బ్లాట్‌కైతే బాధ లేదు, కాకపోతే కాల్పెయిన్ అనే ఎంజైమ్ తోకను కొరికేస్తే మిగిలే 115 కిలోడాల్టన్ల ముక్క దానికి కనిపించదు.

ఇక అసలు సంగతి. 180 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ రాగానే ఎగిరి గంతేయకు, ఎందుకంటే దాని తోబుట్టువు గ్లూఎన్2ఎ కూడా దాదాపు అక్కడే పరుగెడుతుంది, సైజు చూసి ఏది ఏదో చెప్పలేవు. హెక్ కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) 2ఎ జీన్ ఒక్కటీ, 2బి జీన్ ఒక్కటీ విడివిడిగా పెట్టి, రెండు శాంపిళ్లనూ జెల్ మీద పక్కపక్కన లోడ్ చెయ్యి. రిసెప్టర్‌లో రెండో భాగమైన గ్లూఎన్1ని కూడా కలిపి పెడితే మీడియంలో ఏపీవీ (ఈ రిసెప్టర్‌ని అడ్డుకునే మందు) వెయ్యడం మర్చిపోకు, లేకపోతే గ్లుటమేట్ తగిలి కణాలు చచ్చిపోతాయి. 2బి జీన్ తీసేసిన నాకౌట్ ఎలుక వాడదామంటే పిల్ల పుట్టగానే పోతుంది, కండిషనల్ నాకౌట్ (కొన్ని కణాల్లోనే జీన్ తీసేసినది) ఎవరి దగ్గరైనా ఉందేమో అడుగు. ఏదీ దొరక్కపోతే ఎదిగిన ఎలుక సెరిబెల్లం (చిన్నమెదడు) ఉందిగా, అక్కడ 2బి దాదాపు ఉండదు, హిప్పోక్యాంపస్ పక్కన పెట్టి చూడు. రెండింట్లోనూ ఒకేలా బ్యాండ్ వచ్చిందంటే ఆ యాంటీబాడీని నమ్మకు.

నా భాగోతం ఒకటి చెప్తాను, నవ్వుకో. పీహెచ్‌డీ రెండో ఏడాది ఎలుక మెదడులో 50 కిలోడాల్టన్ల దగ్గర చక్కటి బ్యాండ్ వచ్చింది, 2బి విరిగిన ముక్క కనిపెట్టేశానని మూడు నెలలు దాని వెంట పడ్డాను, ల్యాబ్ మీటింగ్‌లో స్లయిడ్ కూడా చూపించాను. చివరికి ప్రైమరీ (ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ) వెయ్యకుండా ఒట్టి సెకండరీతో (ఆ ప్రైమరీని పట్టి చూపించేది) పెడితే అదే బ్యాండ్! నా ప్రైమరీ ఎలుకలో తయారైన మోనోక్లోనల్, కాబట్టి సెకండరీ ఎలుక యాంటీబాడీ ఏదున్నా పట్టేస్తుంది; మెదడు కడగకుండా తీశాను, రక్తంలో మిగిలిన ఎలుక సొంత యాంటీబాడీ హెవీ చెయినే అది. ఆ ఒక్క బ్లాట్ మొదటి రోజే పెట్టి ఉంటే సరిపోయేది. అందుకే పర్‌ఫ్యూజన్ చేసి (రక్తనాళాల్లోంచి రక్తం కడిగేసి) మెదడు తియ్యి, సెకండరీ ఒక్కటే ఉన్న బ్లాట్ మొదటి వారంలోనే పెట్టెయ్యి.

శాంపిల్ దగ్గర కూడా జాగ్రత్త. ఈ రిసెప్టర్ సినాప్స్‌లో గట్టిగా అతుక్కుని ఉంటుంది, ట్రైటాన్ లాంటి మెత్తటి డిటర్జెంట్‌కి లొంగదు, సగానికి సగం పెల్లెట్‌లోనే (సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున మిగిలే మడ్డి) ఉండిపోయి నువ్వేమో తగ్గిందనుకుంటావు. డీఆక్సీకోలేట్ గానీ ఎస్‌డీఎస్ గానీ లాంటి గట్టి డిటర్జెంట్ వాడు. మరిగిస్తే ఇలాంటి పొర ప్రోటీన్లు ఒక్కోసారి ముద్దకట్టి జెల్ పైనే నిలబడిపోతాయి, ఒక ట్యూబు 95 డిగ్రీల దగ్గర, ఇంకోటి 37 డిగ్రీల దగ్గర పెట్టి నీ కళ్లతో చూసుకో. జెల్ నుంచి పొర మీదికి ట్రాన్స్‌ఫర్‌కి తొందరపడకు, ఇంత పెద్ద ప్రోటీన్ కదలాలంటే కోల్డ్ రూమ్‌లో 30 వోల్టుల దగ్గర రాత్రంతా వదిలెయ్యి, మెథనాల్ తగ్గించు.

బ్లాట్ కాకుండా మెదడు సెక్షన్ల (పలచటి కోతలు) మీద యాంటీబాడీ వేసినప్పుడు రంగు రాకపోతే టెన్షన్ పడకు, ఫిక్స్ చేసిన సినాప్స్‌లోకి యాంటీబాడీ దూరలేకపోవడం మామూలే, పెప్సిన్ ఎంజైమ్‌తో కాసేపు తెరిచి చూడు.

మొదటి బ్లాట్ ఫోటో నాకు పంపు. 180 దగ్గర ముక్క కత్తిరించి పంపకు, మార్కర్‌తో సహా పైనుంచి కింది దాకా మొత్తం పంపు.

మీ అక్క