కమ్యూనిటీ కాలేజీ చదువుకు అప్పు కంటే ముందు చూడవలసినవి

నమస్కారమండీ. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో చేరబోతున్న మీ అమ్మాయి ఫీజుకు అప్పు చేయాలా అని అడిగారు. ఆమెకు గ్రీన్ కార్డు ఉంది కనుక ముందుగా ఫాఫ్సా (FAFSA, ఫెడరల్ ప్రభుత్వ విద్యార్థి సహాయం కోసం చేసే) దరఖాస్తు నింపించండి. తిరిగి కట్టనక్కరలేని పెల్ గ్రాంటుకు (2025–26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు), చదువుకుంటూ చేసే వర్క్-స్టడీ పార్ట్‌టైమ్ ఉద్యోగానికి, ఫెడరల్ రుణాలకు కూడా అదే దారి.

రాష్ట్రవాసులు యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్ల చొప్పున కట్టే ఫీజును, ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాల పిల్లలకు కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద మాఫీ చేస్తారు. ఈ మాఫీ పుస్తకాలకు వర్తించదు గానీ, దానితోపాటు పెల్ గ్రాంటు కూడా వస్తే, ఆ సొమ్మును పుస్తకాలకు, అద్దెకు, బస్సు ఛార్జీలకు వాడుకోవచ్చు. మీరు ఈ ఫీజు మాఫీని అస్సలు వదులుకోవద్దు. సెమిస్టరుకు 12 యూనిట్ల కంటే తక్కువ తీసుకుంటే మాత్రం పెల్ మొత్తం తగ్గవచ్చు. అప్పటికీ చాలకపోతే, చదువుతున్నంతకాలం విద్యార్థిపై వడ్డీ భారం పడని సబ్సిడైజ్డ్ రుణం గురించి కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయంలో అడగండి.