సమాధానం: గ్రాఫులు పక్కన పెట్టి బత్తాయితో మొదలుపెట్టు

తమ్ముడూ, మీ ఊరి గ్రంథాలయంలో స్వేచ్ఛా మార్కెట్ గురించి చెప్తుంటే పది నిమిషాలకే సగం మంది లేచిపోయారనీ, ఒక పెద్దాయన "ఇదంతా షావుకార్ల మాట" అన్నారనీ రాశావు. డిమాండ్, సప్లయి గీతలతో మొదలుపెడితే నేనైనా లేచిపోతాను. నల్లగొండ వాళ్లకు బత్తాయితో చెప్పు.

ఢిల్లీలో ఎండలు ముదిరి జ్యూస్ గిరాకీ పెరిగితే ఇక్కడ తోటలో రేటు లేస్తుంది. అక్కడి ఎండ సంగతి రైతుకు ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేదు, ఆ కబురు ధరే మోసుకొస్తుంది. ఇది ఒంటబడితే సగం పని అయినట్టే. తర్వాత అడుగు: తోటకు బేరగాడు ఒక్కడే వస్తే ఏమవుతుంది, నలుగురు వస్తే ఏమవుతుంది? జవాబు వాళ్లే చెప్తారు. మా మామ ఒకే బేరగాణ్ని నమ్ముకుని రెండేళ్లు అగ్గువకు అమ్మాడు, ఆ కథ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దాయనకు కూడా ఇదే చెప్పు, మనం అడిగేది షావుకారుకు పోటీ.

స్కూటర్ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన వాళ్లు ఉంటే వాళ్లనే మాట్లాడించు. కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో కూడా అప్పట్లో సర్కారు ఇచ్చే లైసెన్సే చెప్పేది. 1991 జూలైలో పి.వి. ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి ఆ లైసెన్సు తీసేసింది.

ఎవరో ఒకరు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తప్పకుండా ఎత్తుతారు. టెన్షన్ పడకు, దబాయించకు. తాగునీళ్లను మార్కెట్ ఒక్కదానికే వదిలేయలేమని ఒప్పేసుకో.