యాంటీవైరస్ ఆపమని చెప్పకండి

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లో ఉంటాను. కంప్యూటర్‌లోనే సంగీత పరికరాల్లాంటి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి వాయించే వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి కొత్త మాడ్యూల్ చేర్చే ప్లగిన్ ఒకటి సొంతంగా రాశాను. తంబురా శ్రుతి, దాని మీద మాయామాళవగౌళ స్వరాలు పలుకుతాయి. మా సంగీతం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫైలు పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది కానీ ఇద్దరికి తంబురా వినిపించడం లేదు. మ్యాక్ ఉన్న అమ్మాయికి అసలు మాడ్యూలే కనిపించడం లేదు. ఒకరికి యాంటీవైరస్ అడ్డుపడితే కాసేపు ఆపేయమన్నాను. పైగా గాంధారం ఉండాల్సిన శ్రుతి కంటే ఎక్కువలో పలుకుతోందని మా గురువుగారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు గ్రూపులోంచి ఆ ఫైలు తీసేయండి. యాంటీవైరస్ ఆపమన్నారే, ఆయనకు ఫోన్ చేసి మళ్లీ ఆన్ చేయించండి. ‘మా ఫ్రెండ్ ఆపేయమన్నాడు’ అంటూ నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ప్లగిన్లు రాసేవాళ్లే ఈ మాట చెప్పడం నాకు అస్సలు నచ్చదు.

ర్యాక్‌లో పాచ్ వేరు, ప్లగిన్ వేరు. పాచ్ ఫైలులో ఏ మాడ్యూల్ ఎక్కడుంది, ఏ నాబ్ ఎంత తిరిగింది, ఏ కేబుల్ ఎటు వెళ్లింది అనే వివరాలే ఉంటాయి. ప్లగిన్ అలా కాదు. అది సీ ప్లస్ ప్లస్‌లో రాసి కంపైల్ చేసిన అసలు సిసలు ప్రోగ్రాం. ర్యాక్ దాన్ని తనలోకి లోడ్ చేసుకున్నాక, దానికీ మీకూ ఉన్న హక్కులు ఒకటే. మీరు తెరవగలిగే ఫైళ్లన్నీ అదీ తెరవగలదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫోటోలు, అన్నీ. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడగదు. మీది మంచి ప్లగినే, కాదనను. కానీ మీ మాట విని యాంటీవైరస్ ఆపడం అలవాటైన మనిషి, రేపు డబ్బు కట్టి కొనాల్సిన ప్లగిన్‌కి టెలిగ్రామ్‌లో క్రాక్ (దొంగ కాపీ) దొరికితే అప్పుడూ అదే చేస్తాడు. నాకు టెన్షన్ అంతా అక్కడే. నెట్ బ్యాంకింగ్ చేసే ల్యాప్‌టాప్ మీదే ఈ ప్రయోగాలన్నీ జరుగుతున్నాయి.

మ్యాక్ సంగతి తేలిక. విండోస్ కోసం బిల్డ్ చేసిన ఫైలు మ్యాక్‌లో లోడ్ అవదు. తంబురా వినిపించకపోవడానికి కారణం బహుశా మీ కోడ్‌లోనే ఉంటుంది. తంబురా శాంపిల్ (రికార్డు చేసిన శబ్దం) ఫైలుకు సీ డ్రైవ్‌లో మీ పేరున్న ఫోల్డర్ దారి ఇచ్చి ఉంటారు. ఆ ఫోల్డర్ వాళ్ల దగ్గర ఎందుకుంటుంది? శాంపిల్‌ని ప్లగిన్‌లోని ‘రెస్’ ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ ఎక్కడుందో వెతికిపెట్టే ర్యాక్ అసెట్ ఫంక్షన్‌తో పిలవండి. పంచేముందు వేరే కంప్యూటర్‌లో ఒక్కసారి తెరిచి చూస్తే ఇది అప్పుడే బయటపడేది.

పంచడానికి సరైన దారి ఉంది. సోర్సు కోడ్‌ని గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో పెట్టి, వీసీవీ వాళ్లు నడిపే ప్లగిన్ల జాబితా ర్యాక్ లైబ్రరీకి దరఖాస్తు పెట్టండి. ఓపెన్ సోర్సు ప్లగిన్లను వాళ్లే విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ బిల్డ్ చేస్తారు. కోడ్ అందరి కళ్ల ముందూ ఉంటుంది. మీ క్లాసువాళ్లు లైబ్రరీ నుంచే ఇన్‌స్టాల్ చేసుకుంటారు, వాట్సాప్ ఫైళ్లతో పనే ఉండదు.

గాంధారం విషయంలో గురువుగారి చెవి సరిగ్గా పట్టింది. ర్యాక్‌లో స్వరం ఎత్తును వోల్టుల్లో ఇస్తారు, ఒక స్థాయికి (షడ్జం నుంచి పై షడ్జం దాకా) ఒక వోల్టు. దాన్ని 12 సమ భాగాలు చేసి అంతర గాంధారానికి 4 భాగాలు, అంటే 0.333 వోల్టులు ఇచ్చి ఉంటారు. తంబురాతో కలిసే గాంధారం పౌనఃపున్యం షడ్జానికి 5/4 రెట్లు. లెక్క కడితే 0.322 వోల్టులు. తేడా దాదాపు 14 సెంట్లు (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు), తంబురా పక్కన స్పష్టంగా తెలుస్తుంది. పంచమం 0.583 బదులు 0.585 చేస్తే చాలు, అక్కడ తేడా 2 సెంట్లే. మీ కోడ్‌లోని స్వరాల పట్టికలో ఈ అంకెలు మార్చి వెర్షన్ నంబరు పెంచండి. ప్లగిన్ స్లగ్ (ర్యాక్ దాన్ని గుర్తుపట్టే పేరు) మాత్రం మార్చకండి, మారిస్తే ఇప్పటికే దాన్ని వాడి చేసుకున్న పాచ్‌లలో మీ మాడ్యూల్ దొరకదు.