మూడేళ్ల పాపకి అక్షరాలు నేర్పకుండా చెక్క దిమ్మెలు ఎందుకిస్తారు?

చెన్నైలో మాంటిస్సోరి స్కూల్లో వేస్తే పాప రోజూ చెక్క దిమ్మెలే పేరుస్తోందని, అ ఆలు ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు కదా. టెన్షన్ పడకండి, అది చదువే.

ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు దిమ్మెల సెట్టు, అంటే పింక్ టవర్‌లో పది ఘనాలుంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. రంగు ఒకటే, ఆకారం ఒకటే, మారేది సైజు ఒక్కటే కాబట్టి పిల్లల ధ్యాసంతా దాని మీదే నిలుస్తుంది. నాకు బాగా నచ్చేది బుడిపెలున్న సిలిండర్లు, చెక్క దిమ్మెలోని కంతల్లో ఒక్కొక్కటీ సరిగ్గా పట్టేవి: సన్నదాన్ని లావు కంతలో వేస్తే చివర్లో ఒకటి ఎక్కడా పట్టకుండా మిగిలిపోతుంది, అప్పుడు పాప ఆగి, చూసి, మళ్లీ అన్నీ తీసి సర్దుకుంటుంది, మనం తప్పని చెప్పక్కర్లేదు. ఆ బుడిపెని పట్టుకునే మూడు వేళ్లే రేపు పెన్సిల్ పట్టుకుంటాయి.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మీ ఊరికే, అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి (థియోసాఫికల్ సొసైటీకి) వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు.

అక్కడి స్కూల్లో తెలుగు ఉండకపోవచ్చు, అది మాత్రం మీరే చూసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో గరుకు కాగితం కొని పెద్ద 'అ' కత్తిరించి అట్టకి అంటించండి, రాసే వరసలోనే వేలితో దిద్దిస్తూ శబ్దం పలకండి. శనగలు, రాజ్మా కలిపి వేరు చేయమన్నా మంచిదే, కానీ నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు, పక్కనే కూర్చోండి.