నిద్రలో ఒళ్లు కదలని స్థితి: ఆ క్షణంలో చేయగలిగినవి, పగలు చేయవలసినవి

తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాళ్లు చేతులు కదలడం లేదనీ, గదిలో ఎవరో ఉన్నట్టు, గుండెల మీద బరువు పెట్టినట్టు అనిపిస్తోందనీ, ఇది ప్రాణాపాయమా అనీ అడిగారు. కాదు. స్లీప్ పెరాలసిస్ అనే ఈ స్థితి కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల వరకు ఉండి, ఏమీ చేయకపోయినా దానంతట అదే తొలగిపోతుంది. రాత్రి డ్యూటీలూ పగటి డ్యూటీలూ మారుతూ ఉండే ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకిది తరచుగా వచ్చేది, ఇప్పుడు ఎప్పుడో గాని రాదు. 2011లో ప్రచురితమైన ఒక సమీక్ష 36 వేలకు పైగా మందిపై జరిగిన పాత అధ్యయనాలను క్రోడీకరించి, సాధారణ జనాభాలో 7.6 శాతం మందికి, విద్యార్థులలో 28.3 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవమైందని తేల్చింది.

కలలు స్పష్టంగా వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. కలలో పరుగెత్తుతున్నవారు నిజంగానే మంచం దిగి పరుగెత్తకుండా, ఆ దశలో మెదడు కాండం నుంచి వెలువడే సంకేతాలు గ్లైసీన్, గాబా అనే రసాయనాల సాయంతో కండరాలను నడిపే నాడీకణాలను అణచి ఉంచుతాయి. కళ్లను తిప్పే కండరాలకూ, ఊపిరి తీయడంలో ముఖ్యమైన డయాఫ్రమ్‌కూ మాత్రం ఈ అణచివేత వర్తించదు. తెలివి ముందుగా వచ్చి, ఈ అణచివేత ఇంకా తొలగకపోతే కలిగేదే మీరు వర్ణించిన స్థితి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టింది ఊపిరి ఆడటం లేదన్న భావన. రెమ్ నిద్రలో పక్కటెముకల మధ్య కండరాలు కూడా సడలిపోయి, శ్వాస పైపైన, కాస్త అస్తవ్యస్తంగా సాగుతుంది. నిద్రలో ఉన్నంతసేపు అది మనకు తెలియదు. కానీ మెలకువ వచ్చి, కంగారులో గట్టిగా ఊపిరి పీల్చుకోవాలని ప్రయత్నిస్తే ఛాతీ మన మాట వినదు, దాన్నే ఎవరో మీద కూర్చుని అదిమిపెడుతున్నట్టుగా మనసు అర్థం చేసుకుంటుంది. నిజానికి డయాఫ్రమ్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నా భయంలో చాలా భాగం పోయింది. గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించడం కూడా మీ ఒక్కరికే కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ చేన్, తన సహచరులతో కలిసి 1999లో ఈ భ్రమలను మూడు రకాలుగా వర్గీకరించారు: ఆగంతకుడు చొరబడ్డట్టు ఉండటం, ఛాతీ మీద ఒత్తిడి, శరీరం గాలిలో తేలుతున్నట్టు లేదా తిరుగుతున్నట్టు ఉండటం. నాకు తలుపు వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించేది. అది కల మిగులే అని తెలిసి కూడా ఒళ్లు జలదరించేది. తెలిసినంత మాత్రాన భ్రమ ఆగదు, దాని పట్టు మాత్రం సడలుతుంది.

ఆ సమయంలో లేవాలని పెనుగులాడవద్దు. గట్టిగా అరవమనీ, ఒక్క ఉదుటున లేవమనీ కొందరు చెబుతారు గాని, ఆ సలహాను నేను ఇష్టపడను, ఎందుకంటే ఆ ప్రయత్నం ఫలించని కొద్దీ భయం పెరుగుతుంది, భ్రమ కూడా దానితో పాటే చిక్కబడుతుంది. కనిపిస్తున్నదాని మీద నుంచి దృష్టి మళ్లించి, ఊపిరిని మార్చడానికి ప్రయత్నించకుండా అది వచ్చిపోవడాన్ని గమనిస్తూ, కాలి బొటనవేలినో చేతి చిటికెన వేలినో కొద్దిగా కదిపి చూడటం నాకు పనికొచ్చింది. పక్కన పడుకునేవారు ఉంటే, మీ మూలుగు వినిపించినప్పుడు పేరు పెట్టి పిలిచి భుజం తట్టమని ముందే చెప్పి ఉంచండి. పైనుంచి తగిలే స్పర్శ చాలామందిని ఆ స్థితి నుంచి బయటకు తెస్తుంది. తేరుకున్న వెంటనే మళ్లీ కళ్లు మూసుకుంటే అదే స్థితిలోకి జారిపోయే అవకాశం ఉంది కాబట్టి, లేచి కూర్చుని, దీపం వేసుకుని, కాసేపటి తర్వాత పడుకోవడం మంచిది.

అయితే ఆ నిమిషంలో చేసేదాని కన్నా మిగతా రోజంతా చేసేదే ముఖ్యమన్నది నా అభిప్రాయం. నిద్ర చాలనప్పుడు, వేళాపాళా తప్పినప్పుడు, తర్వాత దొరికిన నిద్రలో రెమ్ దశ తొందరగా, ఉధృతంగా వస్తుంది. డ్యూటీ వేళలు స్థిరపడి, సెలవు రోజున కూడా అదే సమయానికి పడుకుని లేవడం అలవాటయ్యాకే నాకు తేడా తెలిసింది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే, కాబట్టి పక్కకు తిరిగి పడుకోండి. మద్యం నిద్రను ముక్కలు చేస్తుంది, దాన్ని దూరంగా ఉంచండి.

ఇది తరచుగా వస్తున్నా, పడుకోవడానికే భయం వేస్తున్నా వైద్యుణ్ణి కలవండి. పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, నవ్వినప్పుడు గాని కోపం వచ్చినప్పుడు గాని మోకాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పుతున్నా, నార్కోలెప్సీ, అంటే నిద్ర మెలకువల మీద మెదడుకు అదుపు తప్పే జబ్బు, ఉందేమో పరీక్షించవలసి ఉంటుంది, అప్పుడు ఆలస్యం చేయవద్దు. కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా ఆపితే రెమ్ నిద్ర ఒక్కసారిగా పెరగవచ్చు గనుక, ఆ మార్పు కూడా వైద్యుణ్ణి అడిగాకే చేయాలి. వెళ్లే ముందు రెండు వారాల పాటు ఎప్పుడు పడుకున్నదీ, ఎప్పుడు లేచినదీ, ఏ రాత్రి ఇది వచ్చినదీ రాసి తీసుకెళ్లండి. వైద్యులు మొదట అడిగేవి ఎక్కువగా ఇవే.