ఎత్తుకునే చెయ్యీ, కలం పట్టే చెయ్యీ ఒకటే

చంటిబిడ్డ తల్లి తన కళను వదులుకోకుండా, ఆరోగ్యం పాడుచేసుకోకుండా నెట్టుకురావడం సాధ్యమేనా అని మీరు అడిగారు. నేను శ్రీకాళహస్తిలో పదహారేళ్ళుగా కలంకారీ పని చేస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు. సాధ్యమేనని నా అనుభవం. కానీ ఈ ప్రశ్న వచ్చినప్పుడు అందరమూ మొదట సమయం గురించే ఆలోచిస్తాము, నేనూ అలాగే ఆలోచించి పొరబడ్డాను.

నిజానికి సమయం విషయంలో మా పని తల్లులకు అనుకూలమైనదే. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచిన గుడ్డ ఎండాలి. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో వేసి ఊరబెట్టే కసిమి, అంటే మా నల్లరంగు, తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పటిక పెట్టిన చోటు ఆరాలి. ఈ ఎదురుచూపులన్నింటిలో బిడ్డకు పాలివ్వవచ్చు, నిద్రపుచ్చవచ్చు అనుకుని, పెద్దవాడికి మూడో నెల రాగానే పనిలో కూర్చున్నాను.

నాలుగో నెలలో ఒక ఉదయం తీగ అంచు గీస్తున్నాను. మా కలం మొన చెక్కిన వెదురు పుల్ల; దానికి చుట్టిన గుడ్డను వేళ్ళతో మెల్లగా నొక్కితేనే రంగు కిందికి దిగుతుంది. అలా నొక్కగానే బొటనవేలి మొదలు నుంచి మోచేతి దాకా నొప్పి జివ్వున లాగింది, గీత మధ్యలో నల్లటి బొట్టు పడింది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడిన కసిమి ఇక పోదు. ఆ బొట్టును ఆకుగా మార్చి, మూడు వారాలు నొప్పితోనే ఆ పని పూర్తి చేశాను. చివరికి ఉయ్యాలలోని బిడ్డను ఎత్తలేకపోయాను. ఆ రోజు ఏడ్చాను.

డాక్టరుగారు బొటనవేలిని పిడికిలిలో ముడిచి మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నారు. నేను కేక పెట్టాను. అది బొటనవేలిని కదిపే స్నాయువుల, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళ మీది పొర వాపు అనీ, బిడ్డను చంకల కింద బొటనవేళ్ళు చాపి పదేపదే ఎత్తే తల్లులకు తరచుగా వస్తుందనీ చెప్పి, చేతికి పట్టీ వేసి ఆరు వారాలు కలం పట్టవద్దన్నారు. రక్తపరీక్షలో 12 ఉండవలసిన హిమోగ్లోబిన్ 8.4 ఉంది. రాత్రిళ్ళు నిద్రలేక వచ్చిందనుకున్న నీరసం రక్తహీనతట. ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకోవద్దని ఆయన అనగానే నాకు అర్థమైంది, ఎందుకంటే కరక్కాయలోని వగరు గుడ్డ మీద ఇనుమును ఎలా పట్టేసి నలుపు చేస్తుందో నేను రోజూ చూస్తున్నదే. టీలోని వగరు కూడా ఇనుమును అలాగే పట్టుకుని ఒంటికి అందనివ్వదు.

రెండో కాన్పుకు పద్ధతి మార్చుకున్నాను. పాపను అరచేతులు కిందికి పోనిచ్చి ఎత్తేదాన్ని, పాలిచ్చేటప్పుడు దిండు పెట్టుకునేదాన్ని. తడిసిన గుడ్డను పిండడం మణికట్టుకు అన్నిటికంటే కష్టం కనుక, స్వర్ణముఖి నదిలో నీళ్ళున్నప్పుడు అక్కడా, లేనప్పుడు బోరు దగ్గరా ఆ పని మావారే చేశారు. "మా కాలంలో ఇవన్నీ ఎవరు చూశారే తల్లీ" అని మొదట అన్న మా అత్తగారే, తనకూ అప్పట్లో చెయ్యి లేవకపోయేదని తరువాత చెప్పారు; ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. వ్యాపారికి ముందే రెట్టింపు గడువు చెప్పాను. ఒక ఆర్డరు పోయింది, కానీ చెయ్యి నిలిచింది.

మీ కళ ఏదో మీరు రాయలేదు. వీణైనా, కుట్టుపనైనా, కంప్యూటరు మీద రాతైనా, ఈ వారంలోనే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కాన్పు తరువాత వచ్చే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అదీ డాక్టరుకు చెప్పండి. పని గంటలు ఆ తరువాత లెక్క వేసుకుందురుగాని.